పోపుల డబ్బా కింద దాచిన కాగితాలు

బ్రిటన్‌లోని రెడింగ్ నుంచి ఓ సోదరి రాశారు. వయసు 41. కాకినాడలో బీఎస్సీ కెమిస్ట్రీ అవగానే పెళ్లయింది. పద్నాలుగేళ్లుగా బ్రిటన్‌లోనే కాపురం, శాశ్వత నివాసం కూడా వచ్చింది. పిల్లలు హైస్కూల్‌కి వచ్చేశారు కాబట్టి ఇప్పుడు ఆస్టియోపతీ, అంటే కీళ్లు, కండరాల నొప్పులకు చేతులతో ఒత్తి, సాగదీసి చేసే చికిత్స, చదవాలని కోరిక. ‘ఈ వయసులో తీసుకుంటారా? యాక్సెస్ కోర్సు చేయాలా? ఫుల్‌టైమా, పార్ట్‌టైమా?’ అని అడిగారు.

అమ్మా, దీనికి జవాబు చిన్నదే. వయసు అడ్డు కాదు. మీ డిగ్రీ పనికొస్తుంది. చదువు ఆపి ఇరవై ఏళ్లయింది కనుక ఈమధ్య సైన్స్ చదివారా అని అడగొచ్చు. అప్పుడు డిగ్రీలో చేరేందుకు సిద్ధం చేసే ఏడాది యాక్సెస్ డిప్లొమా చేయండి, అది పెట్టిందే మీలాంటి పెద్దవాళ్ల కోసం. ఆస్టియోపతీ మాస్టర్స్ ఫుల్‌టైమ్ అయితే మామూలుగా నాలుగేళ్లు, పార్ట్‌టైమ్ అయితే ఇంకా ఎక్కువ. కోర్సుకు అక్కడ ఆస్టియోపాత్‌ల పేర్లు నమోదు చేసే జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. 1993 చట్టం ప్రకారం ఆ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆస్టియోపాత్‌నని చెప్పుకోవడం అక్కడ నేరం. ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు రెండోదానికి ప్రభుత్వ రుణం సాధారణంగా రాదు. ఆ లెక్క మీ వారితో కూర్చుని వేసుకోండి. ఇవన్నీ కాలేజీకి ఒక్క ఫోన్ చేస్తే చెప్తారు. నాకు ఉత్తరం రాసింది వీటి కోసం కాదు.

మీ వారి గురించి ఒక్క ముక్క రాశారు, ‘నీ ఇష్టం అన్నారు’ అని. అమ్మ గురించి రెండు పేజీలు రాశారు. పద్దెనిమిదేళ్లప్పుడు ఫిజియోథెరపీ సీటొస్తే ‘పరాయివాళ్ల ఒళ్లు పట్టడం మన ఇంటా వంటా లేదు’ అని ఆవిడ మాన్పించారు. మొన్న ఆదివారం ఆవిడ వీడియో కాల్ రాగానే కాలేజీ కాగితాలు పోపుల డబ్బా కింద దాచారట. ఆ మాట చదివి చాలాసేపు కదల్లేకపోయాను. ఇద్దరు పిల్లల తల్లి, సొంత వంటింట్లో కాగితాలు దాచుకోవడమేంటి?

అదే అమ్మకు నడుం పట్టేస్తే నువ్వుల నూనె కాచి రోజూ పట్టింది మీరే. ‘దీని చెయ్యి పడితే సగం తగ్గుతుంది’ అని చుట్టాలందరికీ చెప్పుకున్నదీ ఆవిడే. నొప్పి తగ్గించే చెయ్యికి తక్కువతనం ఏముంటుంది? నేనైతే ఒప్పుకోను. అమ్మకు నెలనెలా డబ్బు పంపండి, ఏడాదికోసారి వెళ్లి దగ్గరుండి చూసుకోండి. అది మీ బాధ్యత. చదువుకు మాత్రం ఆవిడ అనుమతి అడగొద్దు. చేరుతున్నానని చెప్పండి. ఏడుస్తారు, నాలుగు వారాలు ఫోన్ ఎత్తరు. ఎత్తకపోయినా మీరు చేస్తూనే ఉండండి.

చెప్పేముందు ఒక పని చేయండి. చేరాలనుకునేవాళ్లకు కాలేజీ చూపించే ఓపెన్ డేకి వెళ్లి ప్రాక్టికల్ క్లాసు ఎలా జరుగుతుందో చూపించమనండి. విద్యార్థులు పైబట్టలు తీసి ఒకరి మీద ఒకరు సాధన చేస్తారు. మీ వీపు మీద ఇంకొకరి చెయ్యి, ఇంకొకరి వీపు మీద మీ చెయ్యి. అక్కడ నిలబడినప్పుడు మీకు బెరుకనిపిస్తే, అది మీదా, అమ్మ పెట్టిందా అని నిదానంగా చూసుకోండి. మీదే అయితే ఈ చదువు వద్దు. అమ్మదైతే ఆ సాయంత్రమే దరఖాస్తు పంపండి. వచ్చే ఆదివారం కాల్ వచ్చేసరికి ఆ కాగితాలు బల్ల మీదే ఉండాలి.