ఉద్యోగం మానకుండా క్రైస్తవ వేదాంతం చదవవచ్చా? చదివిన ఒక నర్సు జవాబు

వందనాలు బ్రదర్.

మీ ప్రశ్న చదివాను. బ్యాంకులో ఉద్యోగం, ముప్పై ఆరేళ్ళ వయసు, ఇద్దరు పిల్లలు, పదేళ్ళుగా సండే స్కూలు బాధ్యత. ఉద్యోగం మానకుండా వేదాంత విద్య చదవడం కుదురుతుందా, చదివితే పాస్టరుగా అభిషేకం ఇస్తారా, ఏ సర్టిఫికెట్టుకు విలువ ఉంది అని అడిగారు. నేను గుంటూరులో స్టాఫ్ నర్సును. మా పెద్దబాబు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మొదలుపెట్టి, వారానికి ఒక క్లాసు చొప్పున ఏడేళ్ళు చదివాను. అందులో ఒక ఏడాది రెండో కాన్పుకు పోయింది. కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు, కుదురుతుంది. మిగతా రెండూ అంత తేలిక కాదు.

ముందు అభిషేకం సంగతి. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టు, బాప్టిస్టు లాంటి పాత సంఘాల్లో దానికి ఒక దారి ఉంది. సంఘం సిఫారసు చేయాలి, పైవారు అభ్యర్థిగా ఎంపిక చేయాలి, ఆ తరువాత నాలుగైదేళ్ళు హాస్టల్లో ఉండి బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే వేదాంత డిగ్రీ, చదవాలి. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అలాంటిదే. సాయంత్రం క్లాసుల డిప్లొమా ఆ చదువుకు బదులు కాదు. స్వతంత్ర సంఘాల్లో దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. అక్కడ చాలాచోట్ల సర్టిఫికెట్టు ఎవరూ అడగరు. పెద్ద పాస్టరు గారు తల మీద చేతులుంచి ప్రార్థిస్తే సేవకుడైనట్టే. అంటే మీ అభిషేకం మీరు చదివే కోర్సు చేతిలో లేదు, మీ సంఘం చేతిలో ఉంది. అందుకే ఫీజు కట్టకముందే మీ పాస్టరు గారిని, వీలైతే సంఘ పెద్దల ఎదుట, ఒకే మాట అడగండి: నేను చదువుతాను, తరువాత నన్ను ఏ పనికి వాడుకుంటారు?

నేను రెండేళ్ళు చదివాక అడిగాను. "మంచిదమ్మా, స్త్రీల సమాజంలో వాక్యం చెప్పు" అన్నారు అయ్యగారు. స్త్రీల సమాజంలో అప్పటికే ఆరేళ్ళుగా చెబుతున్నాను! ఆ వారం క్లాసుకు వెళ్ళలేదు. ముందే అడిగి ఉంటే ఆ వారం కూడా వృథా అయ్యేది కాదు.

ఇక సర్టిఫికెట్టు. మన దేశంలో వేదాంత పట్టాల విషయంలో బెంగాల్‌లోని సెరంపూర్ పేరు మీరు వినే ఉంటారు. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో పెట్టిన కళాశాల అది. అప్పుడు ఆ ఊరు డెన్మార్కు వారిది కాబట్టి 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన చట్టంతో ఆ అధికారానికి ఇప్పటి రూపం వచ్చింది. కళాశాలలో చేరే వీలు లేని విశ్వాసుల కోసం ఆ పట్టాలను చూసే మండలి, సెరంపూర్ సెనేట్, బయటి నుంచి పరీక్షలు రాసే చదువులు కూడా పెట్టింది. బి.సి.ఎస్. అనే బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్ అందులోదే. నేను చివరికి రాసింది అదే. దానికంటే ముందు చదివింది విస్తరణ పద్ధతిలో, అంటే ఇంట్లో పాఠం, వారానికొకసారి గుంపు. 1971లో బెంగళూరు కేంద్రంగా మొదలైన టాఫ్టీ అనే సంస్థ ఈ పద్ధతిని మన దేశంలో చాలా భాషల్లోకి తెచ్చింది, తెలుగులో కూడా.

వీటిలో ఏదీ బ్యాంకులో మీకు ప్రమోషన్ తెచ్చిపెట్టదు. పై చదువుకు వెళ్ళాలనుకుంటే మాత్రం ఎవరు ఇచ్చిన పట్టానో అడుగుతారు, అప్పుడు తేడా తెలుస్తుంది. ఇంకొక రకం ఉంది, దాని గురించి రెండు మాటలు చాలు. ఒక శనివారం సెమినారు, ఆదివారం నల్ల గౌను, సోమవారం ఫ్లెక్సీ మీద పేరుకు ముందు "డాక్టర్". దాని రేటు మీకు ఎవరైనా ఫోనులో చెబితే నంబరు తీసేయండి.

ఈ విస్తరణ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. 1963 ప్రాంతంలో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ వారి సెమినరీకి ఒక ఇబ్బంది వచ్చింది. పల్లెల నుంచి కుర్రవాళ్ళను పట్నానికి తెచ్చి చదివిస్తే వాళ్ళలో చాలామంది పల్లెలకు తిరిగి వెళ్ళడం లేదు. పల్లెలో సంఘాన్ని నిజంగా మోస్తున్నవాళ్ళేమో పొలాన్నీ పిల్లలనూ వదిలి పట్నం రాలేరు. అందుకని బడే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మన పల్లెల్లో సంఘాలను మోస్తున్న టైలర్లను, కూలీలను, మేస్త్రీలను చూసినవారికి ఈ కథ పరాయిది అనిపించదు.

మా గుంపు శనివారం సాయంత్రం ఆరున్నరకు చర్చి పక్క గదిలో, సండే స్కూలు పిల్లల పొట్టి బెంచీల మీద కూర్చునేది. తొమ్మిది మందితో మొదలైంది, రెండో ఏడాదికి నలుగురం. నేను, ఒక ఆటో డ్రైవరు, ఇద్దరు టీచర్లు. వారం పొడవునా వర్కుబుక్కులో ఐదు పాఠాలు, ఒక్కొక్కదానికి ముప్పావు గంట. శనివారం పాఠం చెప్పరు. మీరు చదువుకుని వచ్చిన దాని మీద చర్చ నడుస్తుంది. చదవకుండా వస్తే పది నిమిషాల్లో దొరికిపోతారు. నైట్ డ్యూటీ వారాల్లో నేను దొరికిపోయేదాన్ని.

ఒకసారి మాస్టారు అడిగారు: "నీతిమంతులుగా తీర్చబడుట అంటే ఏమిటో మీ పక్కింటి హిందూ ఆవిడకు అర్థమయ్యేలా చెప్పండి." టీచర్లిద్దరూ పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పారు. నేను కూడా ఏదో అన్నాను. ఆటో నడిపే అన్న కాసేపు ఆలోచించి, "సార్, సిగ్నల్ దాటింది నేనే. చలానా వచ్చింది. కట్టడానికి వెళ్తే ఎవరో కట్టేశారు, మీ బండి మీద కేసు లేదు, వెళ్ళండి అన్నారు" అన్నాడు. మాస్టారు ఆ రోజు ఆ పాఠం అక్కడితో ముగించారు. ఆ అన్న పదో తరగతి తప్పాడు.

మీరు ఇంగ్లీషు మీడియంలో చదువుకుని ఉంటే తెలుగు పుస్తకాలు మొదట ఇబ్బంది పెడతాయి. ప్రాయశ్చిత్తము, సమాధానపరచుట, పరిశుద్ధపరచబడుట అంటూ పాత బైబిలు భాషలోనే ఉంటాయి. అలాగని ఇంగ్లీషులో చదవకండి. ఆదివారం మీరు పిల్లలకు చెప్పేది తెలుగులోనే కదా. ఇంగ్లీషులో అర్థమై తెలుగులో చెప్పలేకపోయిన విషయం నాకు సగమే అర్థమైనట్టు లెక్క.

చదువు నాలో ఏమి మార్చిందంటే, మొదట పాడుచేసింది నా వాగ్దాన కార్డును. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, రాబోయే ఏడాదికి వాగ్దానమని మనం తీసుకునే బైబిలు వచనం కార్డులు మీకు తెలుసు. ఆ ఏడాది నాకు వచ్చింది యిర్మీయా 29:11, మీ కోసం నా ఉద్దేశాలు సమాధానకరమైనవే అని దేవుడు చెప్పే మాట. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. మా ఆయన బదిలీ ఆ మార్చికల్లా అయిపోతుందని దాన్ని పట్టుకునే ప్రార్థన చేస్తున్నాను. బైబిలుకు అర్థం చెప్పడం నేర్పే వ్యాఖ్యాన శాస్త్రం క్లాసులో మాస్టారు పదో వచనం చదవమన్నారు. డెబ్బై ఏళ్ళు! ఆ అధ్యాయం యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం, బబులోనుకు చెరపోయినవాళ్ళకు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అందరూ తిరిగి వస్తారని చెబుతాడు. జనానికి నచ్చింది అతని మాటే. యిర్మీయా మాత్రం ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి అని రాస్తాడు. వింటున్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోతారు. నాకు ఒళ్ళు మండింది, నిజం చెబుతున్నాను. ఇంటికి వచ్చి కార్డు తీసేశాను. నెల తరువాత మళ్ళీ అంటించాను, ఈసారి పదో వచనం కూడా చేతితో రాసి. బదిలీకి ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఆసుపత్రి సంగతి చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. ఐ.సి.యు. బయట చనిపోయిన పిల్లవాడి తల్లి దగ్గరికి ప్రార్థన చేయడానికి వచ్చేవారిని ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. పెద్ద గొంతుతో ఇరవై నిమిషాలు, దేవుని చిత్తం, పరలోకంలో చేరాడు, ఏడవకూడదు. నేను కూడా అలాగే చేసేదాన్ని, కాస్త చిన్న గొంతుతో. యోబు గ్రంథం చదివిన నెలలో రెండో అధ్యాయం చివర ఆగిపోయాను. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుంటారు, ఒక్క మాట మాట్లాడరు. ఆ తరువాత నోరు తెరిచినప్పటి నుంచే అన్నీ తప్పులు. ఆ గురువారం రాత్రి డ్యూటీలో ఇరవై రెండేళ్ళ అమ్మాయి పోయింది. వాళ్ళమ్మ లిఫ్టు పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. చార్టు పని ఇంకో సిస్టరుకు అప్పగించి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఆమె నా యూనిఫాం అంచు పట్టుకుని వదల్లేదు. చివరికి, "దాని చెప్పులు లోపలే ఉన్నాయి సిస్టర్" అంది. వెళ్ళి తెచ్చి ఇచ్చాను. ప్రార్థన చేయలేదు. హాస్టల్లో ఉండి చదివి ఉంటే యోబు మీద నాకు మార్కులు ఎక్కువే వచ్చేవేమో. కానీ చదివిన వారంలోనే ఆ లిఫ్టు పక్కన కూర్చునేదాన్ని కాదు. పార్ట్‌టైం చదువులో పూర్తికాలం వారికి దొరకనిది నాకు కనబడింది ఇదొక్కటే. మీకు అది బ్యాంకు కౌంటర్లో దొరుకుతుందో, సండే స్కూల్లో దొరుకుతుందో నేను చెప్పలేను.

సంఘ చరిత్రలో వ్యాసం రాయమన్నప్పుడు అందరూ 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారిని ఎంచుకున్నారు. నేను ఇక్కడ ఆసుపత్రి పెట్టిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌ను తీసుకున్నాను, రోజూ బస్సులో ఆ ఆసుపత్రి ముందు నుంచే వెళ్తాను కాబట్టి. ఆమె 1883లో గుంటూరుకు వచ్చినప్పుడు మిషన్ వారు వైద్యసేవ మొదలుపెట్టడానికి సిద్ధంగా లేరట. చదువు చెప్పడానికి, ఇళ్ళలో ఆడవాళ్ళ మధ్య పనిచేయడానికి అని పంపారు. డాక్టరు పట్టా చేతిలో ఉన్న మనిషిని! ఆమె ఒప్పుకుని వచ్చింది, మందులు కూడా తెచ్చుకుంది. ఆసుపత్రి కట్టేసరికి 1898. ఈ వ్యాసం రాస్తుంటే "స్త్రీల సమాజంలో చెప్పు" అన్న మాట నాకు మునుపటిలా గుచ్చుకోలేదు. అలాగని ఆ మాట సరైనదని ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఇంటి సంగతి. మీ భార్య గారిని అడగకుండా మొదలుపెట్టకండి. శనివారం సాయంత్రాలు, ఆదివారం మొత్తం, రోజూ ముప్పావు గంట మీరు ఇంటి నుంచి తీసేస్తున్నారు. మాకు అది మా అత్తయ్య గారి చేతుల మీదుగా నడిచింది. ఆవిడ పిల్లలకు అన్నం పెట్టి, నేను వచ్చాక "ఈ రోజు ఏమి చెప్పారే?" అని అడిగేవారు. ఆవిడకు చెప్పడమే నాకు రివిజన్. ఆవిడ నిద్రపోతే ఆ పాఠం నేను బాగా చదవలేదని అర్థం.

ఒక చిన్న జాగ్రత్త, మీరు బ్యాంకు మనిషి కాబట్టి. మార్చి నెలాఖరులో మీకు ఊపిరి ఆడదు. పరీక్షలు ఎప్పుడు పెడతారో చేరేముందే కనుక్కుని పేపర్లు విడగొట్టుకోండి, అన్నీ ఒకే ఏడాది కట్టకండి. నేను ఒక ఏడాది మొండికేసి మూడు కట్టాను. నైట్ డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్ళి ప్రవక్తల పేపరు రాశాను. ఆమోసు దాకా వచ్చి నిద్రపోయానట. ఇన్విజిలేటరు, ఒక పెద్ద పాస్టరమ్మ గారు, భుజం తట్టి టీ గ్లాసు పెట్టారు. "హోషేయ ఇంకా మిగిలే ఉన్నాడమ్మా" అన్నారు.

మీ పాస్టరు గారు ఏమన్నారో ఇక్కడే రాయండి, మిగతాది దాన్నిబట్టి మాట్లాడుకుందాం.