మైక్రోస్కోప్ 40ఎక్స్‌లో చెరువు నీరు తెల్లగా, మసకగా కనిపిస్తోంది. 100ఎక్స్ ఆబ్జెక్టివ్ కొంటే బాగుపడుతుందా?

మీరు అడిగినవి మూడు. మైక్రోస్కోప్‌లో 4ఎక్స్, 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌లతో (స్లైడుకి దగ్గరగా ఉండే లెన్సులతో) చెరువు నీటి జీవులు ఫరవాలేదు కానీ 40ఎక్స్‌కి మారగానే అంతా పాలిపోయి మసకబారుతోంది, లైటు పెంచినా లాభం లేదు, ఎందుకు? నల్లటి నేపథ్యం మీద జీవులు మెరుస్తూ కనిపించాలంటే ఖరీదైన కండెన్సర్ (దీపం కాంతిని స్లైడు మీదికి చేర్చే లెన్సు) కొనక తప్పదా? 100ఎక్స్ ఆబ్జెక్టివ్ తీసుకుంటే మేలా?

100ఎక్స్ ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపం లెన్సులో లేదు. స్లైడు మీద నీళ్లు ఎక్కువయ్యాయి, స్టేజి, అంటే స్లైడు పెట్టే బల్ల, కింద ఉన్న కండెన్సర్ సరిగ్గా సర్దలేదు. ఈ రెండూ సరిచేశాక కూడా మసక పోకపోతే అప్పుడు లెన్సును అనుమానించవచ్చు.

ముందు నీళ్ల సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డ్రాపర్‌తో వేసే చుక్క సుమారు 50 మైక్రోలీటర్లు ఉంటుంది, అంటే మిల్లీలీటరుకి 20 చుక్కలు. 22 మిల్లీమీటర్ల చదరపు కవర్‌స్లిప్ (చుక్క మీద కప్పే పలచటి గాజు ముక్క) కింద ఆ చుక్క పరుచుకుంటే నీటి పొర మందం 0.1 మిల్లీమీటరు, అంటే 100 మైక్రాన్లు. మామూలు 40ఎక్స్ ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపెర్చర్, అంటే అది ఎంత వెడల్పు కాంతి శంకువును పట్టగలదో చెప్పే అంకె, 0.65. దానికి ఒక్కసారిగా స్పష్టంగా కనిపించే లోతు ఒకటి, ఒకటిన్నర మైక్రాన్లకు మించదు. మిగతా 98 మైక్రాన్ల నీరు, అందులోని బురద రేణువులు, ఆల్గే పోగులు అన్నీ ఫోకస్ తప్పి మీరు చూసే జీవి మీద పొగమంచులా కమ్ముకుంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఆబ్జెక్టివ్‌ను 0.17 మిల్లీమీటర్ల గాజు కవర్‌స్లిప్‌ కోసం లెక్కగట్టి తయారుచేస్తారు. దాని ఒంటి మీద 160/0.17 అనో ∞/0.17 అనో రాసి ఉంటుంది, చూడండి (మొదటిది ఏ గొట్టం పొడవుకి చేశారో, రెండోది కవర్‌స్లిప్ మందం). జీవి కవర్‌స్లిప్‌కి ఆనుకుని కాకుండా బాగా అడుగున ఉంటే, మధ్యలోని నీరు కూడా అదనపు మందమై అంచుల పదును పోగొడుతుంది. 10ఎక్స్‌కి ఈ తేడా పెద్దగా అంటదు. 40ఎక్స్‌కి బాగా అంటుంది.

కాబట్టి చుక్క 10 మైక్రోలీటర్లు చాలు. అప్పుడు పొర 20 మైక్రాన్లు అవుతుంది. 18 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్ అయితే 6, 7 మైక్రోలీటర్లే. కొలిచే పిపెట్ లేకపోతే డ్రాపర్ కొన స్లైడుకి తాకించి, 4 మిల్లీమీటర్ల వెడల్పు మచ్చ అంత నీరు వదలండి. కవర్‌స్లిప్ ఒక అంచును చుక్క పక్కన ఆనించి, 45 డిగ్రీల వాలులో పట్టుకుని, రెండో అంచును సూదితో ఆపుతూ మెల్లగా దించండి. తిన్నగా పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. లావైన నల్లటి అంచుతో, కొలిచి గీసినట్టు గుండ్రంగా ఉన్నది ఏదైనా కనిపిస్తే అది బుడగే, జీవి కాదు.

స్లైడును కొంచెం వంచి చూడండి. కవర్‌స్లిప్ జారిందా, నీళ్లు ఎక్కువున్నట్టు. టిష్యూ కాగితం మూలను దాని అంచుకి తాకించి, 10ఎక్స్‌లో చూస్తూనే కొద్దికొద్దిగా పీల్చండి. మరీ లాగేస్తే రోటిఫర్లు (చిన్న బహుకణ జీవులు), పెద్ద సిలియేట్లు (సిలియా అనే సన్నని వెంట్రుకలతో కదిలే ఏకకణ జీవులు) నలిగి పగిలిపోతాయి. అలాంటివాటి కోసం కవర్‌స్లిప్ నాలుగు మూలలా అడుగున వాజలిన్ చుక్కలు పెట్టండి. టూత్‌పిక్ కొనతో పెడితే సరిపోతుంది. తర్వాత సూదితో ఒక్కో మూల నొక్కుతూ పోతే జీవి కదలలేనంత, కానీ చావనంత ఇరుకులో ఆగుతుంది. పరుగులు తీసే పారమీసియంకి ఇంత సున్నితంగా నొక్కడం కుదరకపోతే 2 శాతం మిథైల్ సెల్యులోజ్ ద్రావణాన్ని చుక్కకి కలపండి. జిగట వల్ల వేగం తగ్గుతుంది. నీరు ఆరిపోకుండా అంచుల చుట్టూ వాజలిన్ పూస్తే గంటల తరబడి చూడవచ్చు. నెయిల్ పాలిష్ పూయమని కొందరు చెబుతారు కానీ తడి అంచుకి అది సరిగ్గా అంటదు, పైగా దాని ద్రావకం లోపలికి దిగి జీవులను చంపుతుంది.

కిట్లతో వచ్చే ప్లాస్టిక్ కవర్‌స్లిప్‌లు పక్కన పడేయండి. గీతలు పడతాయి, వంగుతాయి, మందం కుదరదు. గాజువి 1.5 నంబరు తీసుకోండి, అవి 0.16 నుంచి 0.19 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. రెడీమేడ్ స్లైడ్ 10ఎక్స్‌లో ఫోకస్ అయ్యి 40ఎక్స్‌లో ఎంత తిప్పినా అవ్వకపోతే, దాన్ని తలకిందులుగా పెట్టారేమో ముందు చూడండి. కవర్‌స్లిప్ పైకి ఉండాలి.

ఇక వెలుగు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కండెన్సర్‌లో ఉండే ఐరిస్ డయాఫ్రం (మీటతో పెద్దదీ చిన్నదీ చేసే రంధ్రం) వెలుగు తగ్గించే మీట కాదు. వెలుగు ఎక్కువైతే దీపం నాబ్‌తో తగ్గించండి. ఐరిస్ పని స్లైడును తాకే కాంతి శంకువు ఎంత వెడల్పుండాలో తేల్చడం. బాగా తెరిస్తే సూక్ష్మ వివరం గరిష్ఠంగా వస్తుంది కానీ పారదర్శక జీవి మాయమవుతుంది. మీకు జరుగుతున్నది ఇదే. బాగా మూస్తే కాంట్రాస్ట్ పెరిగినట్టే ఉంటుంది, కానీ ప్రతి అంచు చుట్టూ జంట గీతలు వస్తాయి. ఆ గీతలను నిజమైన నిర్మాణం అనుకుని బొమ్మలు గీసినవాళ్లూ ఉన్నారు.

సర్దే వరుస ఇది. స్లైడును 10ఎక్స్‌లో ఫోకస్ చేయండి. దీపం చుట్టూ ఫీల్డ్ డయాఫ్రం (ఐరిస్ లాంటిదే ఇంకో రంధ్రం) ఉంటే దాన్ని మూసి, దాని అంచు పదునుగా కనిపించేదాకా కండెన్సర్‌ను పైకీ కిందికీ కదిలించి, స్క్రూలతో మధ్యకి తెచ్చి, చూసే వలయం అంచు దాటేవరకు తెరవండి. ఇది జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కోలర్ 1893లో ప్రకటించిన పద్ధతి, నేటికీ అదే ప్రామాణికం. చవక మోడళ్లలో ఫీల్డ్ డయాఫ్రం ఉండదు. అప్పుడు దీపం గాజు మీద పెన్సిల్ మొన పెట్టి, స్లైడుతో పాటు ఆ మొన కూడా పదునుగా కనిపించేదాకా కండెన్సర్‌ను కదిలించండి. అది దాదాపు పైకి, స్లైడుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల కిందకి వచ్చి ఆగుతుంది. దీపం గాజు గరుకుదనం కూడా కనిపిస్తుంటే వెంట్రుకవాసి కిందికి దించండి. అద్దం ఉన్న మైక్రోస్కోప్‌లో కండెన్సర్ ఉంటే చదును అద్దం, లేకపోతే పుటాకార అద్దం వాడాలి.

తర్వాత 40ఎక్స్‌కి మారి ఫోకస్ చేసి, ఐపీస్ (కన్ను పెట్టే లెన్సు) తీసేసి గొట్టంలోకి చూడండి. ఒక వెలుగు వలయం, అంటే నిండుగా వెలిగే గుండ్రటి బిళ్ల, కనిపిస్తుంది. ఐరిస్‌ను మెల్లగా మూస్తుంటే దాని అంచు ఆ వలయంలోకి జరుగుతూ వస్తుంది. వలయం వ్యాసంలో నాలుగింట మూడొంతులు వెలుగు మిగిలినచోట ఆపండి. మరకలా కనిపించీ కనిపించని అమీబాకి సగందాకా మూసినా తప్పులేదు, కానీ అంతకు మించి వద్దు. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి, ఎందుకంటే ఒక్కోదాని అపెర్చర్ వేరు. చేయి తిరిగాక రెండు సెకన్ల పని. 4ఎక్స్‌లో మాత్రం వలయమంతా వెలుగు నిండకపోతే కండెన్సర్‌ను కిందికి దించక తప్పదు.

మీ రెండో ప్రశ్న: నల్లటి నేపథ్యం. దీన్ని డార్క్‌ఫీల్డ్ అంటారు, 10ఎక్స్ వరకు కొనాల్సిందేమీ లేదు. మధ్య కాంతిని అడ్డుకుని, చుట్టూ వాలుగా వచ్చే కాంతితోనే స్లైడును వెలిగిస్తే, నేరు కాంతి ఆబ్జెక్టివ్‌లోకి రాదు. జీవి వంచిన కాంతి మాత్రమే వస్తుంది. కావలసింది కండెన్సర్ కింది ఫిల్టర్ రింగులో పట్టే పారదర్శక ప్లాస్టిక్ బిళ్ల, దాని నడిమధ్య నల్ల అట్టతో కత్తిరించిన వృత్తం. వృత్తం కొలత ఎవరి మైక్రోస్కోప్‌కి వారే తెలుసుకోవాలి. 10ఎక్స్‌లో ఫోకస్ చేసి, ఐపీస్ తీసి, ఐరిస్ అంచు వెలుగు వలయం అంచుకి సరిగ్గా కలిసేదాకా మూయండి. మీట కదపకుండా కింద నుంచి ఐరిస్ రంధ్రాన్ని స్కేలుతో కొలవండి. ఆ కొలతకి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిపి నల్ల వృత్తం కత్తిరించండి.

వాడేటప్పుడు ఐరిస్ పూర్తిగా తెరవాలి, దీపం పూర్తిగా పెంచాలి. నేపథ్యం నలుపుకి బదులు బూడిదగా వస్తే ఐపీస్ తీసి చూడండి. ఒకవైపు నెలవంకలా వెలుగు కనిపిస్తే వృత్తం మధ్యలో లేదు. చుట్టూ వలయంలా వెలుగుంటే అది చిన్నదైంది, లేదా కండెన్సర్ ఎత్తు తప్పింది. రెండూ బాగుండి నలుపు రాకపోతే స్లైడు మురికి. డార్క్‌ఫీల్డ్‌లో ప్రతి దుమ్ము కణమూ మెరుస్తుంది కాబట్టి స్లైడు, కవర్‌స్లిప్ రెండూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వాడాలి. 40ఎక్స్‌లో ఇది అంత తేలిక కాదు. నూనె వేయని (స్లైడుకీ దానికీ మధ్య గాలే ఉన్న) కండెన్సర్ నుంచి వచ్చే శంకువు ఎన్నడూ 1.0 అపెర్చర్ దాటదు, ఆబ్జెక్టివ్ 0.65 మింగేస్తుంది, మిగిలేది సన్నటి పట్టీ. వృత్తాన్ని చాలా ఖచ్చితంగా కత్తిరిస్తే వస్తుంది, లేకపోతే చీకటే. నా లెక్కలో 40ఎక్స్‌కి వాలు వెలుగే మేలు. నల్ల అట్టముక్కను ఫిల్టర్ రింగు కింద ఒక పక్క నుంచి మెల్లగా లోపలికి తోయండి. వలయం సగం దాటేసరికి జీవులు ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడతో బొమ్మ చెక్కినట్టు లేచి నిలబడతాయి. పారమీసియం అంచున సిలియాల కదలిక, లోపల సంకోచ రిక్తిక (ఎక్కువైన నీటిని బయటికి పంపే సంచి) నిండడం, ఠక్కున ముడుచుకోవడం ఇలా చూడండి. మామూలు వెలుగులో ఇంత స్పష్టంగా దొరకవు. అయితే ఆ నీడలు ఎత్తుపల్లాలు కావు, కాంతి వక్రీభవనంలో తేడాలు మాత్రమే.

రంగులు వేయడం చెరువు నీటికంటే కణాలకి ఎక్కువ పనికొస్తుంది. బుగ్గ లోపలి గోడను శుభ్రమైన కాటన్ బడ్‌తో రుద్ది స్లైడు మీద పూసి ఆరనిచ్చి, 0.5 శాతం మిథిలిన్ బ్లూ ఒక చుక్క వేసి, ఒకటి రెండు నిమిషాల తర్వాత నీటితో కడిగితే కేంద్రకం ముదురు నీలంగా, చుట్టూ పలచగా వస్తుంది. కడగకపోతే అంతా నీలమే. ఉల్లిపొరను రేకు లోపలి, అంటే పుటాకార వైపు నుంచి ఒలిచి, ఆరకముందే నీటిలో పెట్టి, మడత లేకుండా పరచాలి. కవర్‌స్లిప్ వేశాక ఒక అంచున అయోడిన్ చుక్క, ఎదుటి అంచున టిష్యూ పెడితే రంగు లోపలికి లాక్కుంటుంది.

డయాటమ్‌ల (గాజులాంటి పెంకున్న ఏకకణ ఆల్గే) గురించి ఒక్క మాట. వాటి సిలికా పెంకు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) దాదాపు 1.43, నీటిది 1.33. తేడా తక్కువ కాబట్టి నీటిలో వాటి మీది గీతలు పలచగా కనిపిస్తాయి. పెంకులను శుభ్రపరిచి, కవర్‌స్లిప్ మీదే ఆరబెట్టి, ఆ వైపు కిందికి ఉండేలా స్లైడు మీద పెడితే వాటి చుట్టూ గాలి, గుణకం 1.00. అవే గీతలు అప్పుడు గట్టిగా కనిపిస్తాయి.

చివరగా 100ఎక్స్. జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబే 1873లో చూపించిన పరిమితి ప్రకారం విడిగా కనిపించే కనీస దూరం కాంతి తరంగదైర్ఘ్యాన్ని రెండింతల అపెర్చర్‌తో భాగిస్తే వస్తుంది. 0.55 మైక్రాన్ల ఆకుపచ్చ కాంతికి 40ఎక్స్‌లో 0.42 మైక్రాన్లు, 1.25 అపెర్చర్ ఉన్న 100ఎక్స్‌లో 0.22. లాభం నిజమే, కానీ అది పూర్తిగా దక్కాలంటే ఆబ్జెక్టివ్‌కీ కవర్‌స్లిప్‌కీ మధ్యే కాదు, కండెన్సర్‌కీ స్లైడుకీ మధ్య కూడా ఇమర్షన్ నూనె (మైక్రోస్కోప్ కోసం అమ్మే నూనె) వేయాలి. ముందటి లెన్సుకీ గాజుకీ మధ్య జాగా 0.1, 0.2 మిల్లీమీటర్లే, నూనె జిగట కవర్‌స్లిప్‌ను పట్టి లాగుతుంది, ఈదే జీవి వెంట పడటం అసాధ్యం. బ్యాక్టీరియా, ఆరబెట్టిన రక్తం పూత, డయాటమ్ రంధ్రాలు మీ ఆసక్తి అయితే తీసుకోండి. చెరువు నీటికి 20ఎక్స్, 0.40 ఆబ్జెక్టివ్ చాలా ఎక్కువ ఉపయోగపడుతుంది. జాగా ఎక్కువ, లోతు ఎక్కువ, డార్క్‌ఫీల్డ్ కూడా సులువుగా వస్తుంది. కొనేముందు మీ దగ్గరున్నవాటి మీద 160 ఉందో అనంతం గుర్తు ఉందో చూసి అదే రకం తీసుకోండి. రెండూ కలిపితే బొమ్మ చెడుతుంది.

ఇవన్నీ చేసినా 40ఎక్స్‌లో మసక పోకపోతే ఆబ్జెక్టివ్ ముందటి లెన్సును తలకిందులు చేసిన ఐపీస్‌తో చూడండి, అది భూతద్దంలా పనిచేస్తుంది. ఎండిన నీటి మరకో నూనో కనిపిస్తే లెన్స్ పేపర్‌ను ఐసోప్రొపైల్‌తో కొంచెం తడిపి, మధ్య నుంచి అంచుకి సుతారంగా తుడవండి. పొడి కాగితంతో రుద్దవద్దు.