హక్కులు రాసిచ్చినా సగం రాయల్టీ మీదే

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. పాటలు నేనే రాసి, బాణీ కట్టుకొని పాడతాను. మిత్రుడి స్టూడియోలో సొంత ఖర్చుతో రికార్డు చేయించిన నాలుగు పాటలను పాటలను యాప్‌లకు చేరవేసే ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్ట్రీమింగ్ యాప్‌లలో పెట్టాను. ఇప్పుడు ఒక యూట్యూబ్ చానల్ యజమాని నాలుగింటికీ కలిపి అరవై వేలు ఇస్తానని, ‘పబ్లిషింగ్ సహా సమస్త హక్కులు శాశ్వతంగా’ తమకే చెందేలా బాండు పేపరు రాయించి పంపారు. పబ్లిషింగ్ అంటే ఏమిటి? సంతకం చేస్తే నాకిక ఏమీ రాదా? కంప్యూటర్‌లో వాద్య సంగీతం కూర్చి ప్రోగ్రామింగ్ చేసిన ఆ మిత్రుడికీ ఇందులో హక్కు ఉంటుందా?

జవాబు: ఈ కాగితం మీద, అది ఇప్పుడున్న రూపంలో, సంతకం చేయకండి.

మీరు ఒక పాట అనుకుంటున్నది చట్టం దృష్టిలో మూడు ఆస్తులు. సాహిత్యం ఒకటి, బాణీ మరొకటి, ఆ రెంటినీ పాడి భద్రపరచిన రికార్డింగు ఇంకొకటి. 1957 నాటి కాపీరైట్ చట్టం సంగీత రచనకు ఇచ్చిన నిర్వచనంలో పాటలోని మాటలు చేరవు. అవి సాహిత్య రచన కిందికి వస్తాయి. రాసినదీ బాణీ కట్టినదీ మీరే కనుక మొదటి రెంటికీ తొలి యజమాని మీరే, ఆ హక్కు మీ జీవితకాలమే కాక ఆ తరువాత మరో 60 ఏళ్లు ఉంటుంది. సాహిత్యం, బాణీల వాడకానికి అనుమతులిచ్చి, వాటిపై రావలసిన సొమ్మును రాబట్టే వ్యవహారాన్నే ఈ రంగంలో పబ్లిషింగ్ అంటారు. స్వరాలు అచ్చువేసిన కాగితాలు అమ్ముకున్న రోజుల్లో పుట్టిన ఆ పేరే నేటికీ నిలిచిపోయింది.

రికార్డింగు సంగతి వేరు. దాన్ని తయారు చేయడానికి చొరవ తీసుకొని బాధ్యత వహించినవారే చట్టరీత్యా నిర్మాత; ఖర్చు మీది, పూనిక మీది కనుక, వేరే ఒప్పందం లేని పక్షంలో, స్టూడియో తనదైనంత మాత్రాన మీ మిత్రుడు యజమాని కాడు. అయితే పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతాన్ని ఆయన సొంతంగా కట్టి ఉంటే, ఆ మేరకు తానూ రచయితనేనని వాదించే వీలుంది. స్నేహం బాగున్నప్పుడే ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయడం మంచిది. అలాగే బాణీ ఊళ్లో తరతరాలుగా పాడుకుంటున్నదైతే అది ఎవరి సొత్తూ కాదు. మీరు దానికి కొత్తగా చేర్చినదాని మీద మాత్రమే మీకు హక్కు ఉంటుంది.

ఇక అసలు విషయం. 2012లో చట్టాన్ని సవరించి, ఆ ఏడాది జూన్ 21 నుంచి అమలులోకి తెచ్చిన 18వ సెక్షన్ నిబంధన ప్రకారం, సినిమాలో భాగం కాని రికార్డింగులో చేరిన సాహిత్యానికీ సంగీతానికీ రచయితలైనవారు, ఆ రచనల వినియోగంపై వచ్చే రాయల్టీని హక్కులు పొందినవారితో సమానంగా పంచుకునే హక్కును వదులుకోలేరు, తమ చట్టబద్ధ వారసులకో, వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వలేరు. అందుకు విరుద్ధమైన షరతు చెల్లదు. స్టాంపు పేపరు మీద టైపు చేసినంత మాత్రాన చెల్లని షరతుకు బలం రాదు. పాటకు మీ పేరు వేయించుకునే హక్కు కూడా, 57వ సెక్షన్ కింద, అమ్మకం తరువాతా మీకే ఉంటుంది.

అలాగని నిశ్చింతగా సంతకం చేయవచ్చని నా అర్థం కాదు. ఈ రక్షణ సాహిత్యానికీ బాణీకీ వచ్చే రాయల్టీకి సంబంధించినదే. రికార్డింగు యజమానిగా మీకు వచ్చే ఆదాయాన్ని అరవై వేలకు అమ్మితే అది అమ్ముడుపోయినట్టే. పైగా మీ పాటను ఎవరు వాడుకోవాలో నిర్ణయించే అధికారం చేజారుతుంది. గడువు రాయని ఒప్పందానికి చట్టం అయిదేళ్లే పరిమితి పెడుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది గానీ, మీ కాగితంలో ‘శాశ్వతంగా’ అని స్పష్టంగా ఉంది కనుక గడువు విషయంలో ఆ ఊరట మీకు దక్కదు.

చట్టం ఇచ్చిన సగం వాటా దానంతట అదే మీ ఖాతాలో పడదు. డిస్ట్రిబ్యూటర్ మీకు పంపే సొమ్ము సాధారణంగా రికార్డింగుకు సంబంధించినది మాత్రమే. సాహిత్యం, బాణీల రాయల్టీని మన దేశంలో వసూలు చేసేది 1969లో ఏర్పడి, సవరించిన చట్టం కింద 2017లో కాపీరైట్ సొసైటీగా నమోదైన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్‌ఎస్. అందులో మీరు గీత రచయితగానూ స్వరకర్తగానూ చేరి, నాలుగు పాటలనూ వాటాలతో సహా నమోదు చేయించండి. చాలామంది ప్రైవేటు పాటల కవులు ఈ ఒక్క పని చేయక నష్టపోతున్నారని నా అభిప్రాయం. కాపీరైట్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాక్ష్యంగా కావాలనుకుంటే సాహిత్యానికి, సంగీతానికి విడివిడిగా రూ. 500, రికార్డింగుకు రూ. 2,000 రుసుము కట్టాలి.

చానల్ యజమానికి ఈ విధంగా తిరుగు ప్రతిపాదన పంపండి: నాలుగు పాటల వీడియోలను యూట్యూబ్‌లో ప్రసారం చేసుకోవడానికి మాత్రమే, అయిదేళ్ల గడువుతో లైసెన్సు, సాహిత్యం, బాణీల హక్కులు మీవద్దే ఉంటాయి, ‘పబ్లిషింగ్ సహా’ అన్న మాట కొట్టివేయాలి. అయితే ఇది పంపే ముందు మీ డిస్ట్రిబ్యూటర్‌తో చేసుకున్న ఒప్పందాన్ని ఒకసారి చదవండి. రికార్డింగును ఇతరులకు ఇవ్వరాదన్న షరతు అందులో ఉంటే, దాన్ని రద్దు చేసుకోకుండా చానల్‌కు అనుమతి ఇవ్వడం మీరే ఒప్పందాన్ని ఉల్లంఘించడం అవుతుంది. అంతేకాక, డిస్ట్రిబ్యూటర్ మీ రికార్డింగును యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే వీడియోల్లో వాడిన పాటలను దానంతట అదే గుర్తుపట్టే ఏర్పాటులో, చేర్చి ఉంటే, చానల్ పెట్టిన వీడియోపై మీ పేరుతోనే క్లెయిమ్ (ఆ పాట హక్కు మాదన్న దావా) పడవచ్చు. దాన్ని తొలగించే బాధ్యత ఎవరిదో కూడా కొత్త కాగితంలోనే రాయించుకోండి.