గడ్డి తగలబెట్టిన మడి ఎందుకు గట్టిపడుతోంది?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ప్రాణహిత పక్కన నల్లరేగడిలో వరి వేస్తాం. హార్వెస్టర్ వచ్చినప్పటి నుంచి గడ్డి, కొయ్యకాళ్ళు కాల్చేస్తున్నాం. బూడిద పొలానికి బలమని, కాండం తొలిచే పురుగు చస్తుందని మా దగ్గర అంటారు. కానీ ఇప్పుడు నాగలి దిగడం లేదు. వాన పడితే పైన అట్టకడుతోంది, నీళ్ళు ఇంకడం లేదు. మంటకు నేల ఇటుకలా కాలిపోయిందా సార్?

జవాబు: ఇటుకలా కాలలేదండి, ఆ టెన్షన్ పెట్టుకోకండి. గడ్డి మంట ఎంత త్వరగా లేస్తుందో అంత త్వరగా ఆరిపోతుంది. వేడి బాగా తగిలేది పైన ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టికే. హార్వెస్టర్ వెనక గడ్డి వరుసగా పడిన చోట మాత్రం ఎక్కువసేపు మండుతుంది కాబట్టి అక్కడ పైమట్టిలోని జీవం దెబ్బతింటుంది.

అసలు నష్టం, నేలకు పోవాల్సిన తిండి పోకపోవడం. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకుంటే అందులో కర్బనమే దాదాపు 800 కిలోలు. ఆ గడ్డిని తిని బతికే సూక్ష్మజీవులు వదిలే జిగురు, బూజు పోగులు కలిసి మట్టి రేణువుల్ని చిన్న చిన్న గుళికలుగా పట్టి ఉంచుతాయి. గుళికల మధ్య సందుల్లోంచే నీరు, గాలి, వేర్లు దిగుతాయి. ఏటా గడ్డి కాల్చేస్తే జిగురు తగ్గి గుళికలు విడిపోతాయి. పైన కప్పు లేని నేల మీద వాన చినుకు నేరుగా పడి మట్టిని చెదరగొడుతుంది. ఆ సన్న మట్టి, బూడిద కలిసి సందుల్ని పూడ్చేస్తాయి. మీరు చూస్తున్న అట్ట అదే.

మీరే పరీక్షించి చూడండి. కాల్చిన మడి నుంచి ఒకటి, ఎప్పుడూ కాల్చని గట్టు నుంచి ఒకటి ఎండు మట్టిపెళ్ళలు తెచ్చి గ్లాసు నీళ్ళలో వేయండి. ఏది ముందు కరిగి బురదవుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది.

నాగలి దిగకపోవడానికి మంట ఒక్కటే కారణం కాకపోవచ్చు. తడి నేల మీద ఇనుప కడ్డీ గుచ్చండి. నాలుగైదు అంగుళాల కింద ఆగిపోతే అది ఏటా నీళ్ళు పెట్టి బురదగా దున్నే దమ్ము, హార్వెస్టర్ టైర్ల బరువు కలిసి చేసిన గట్టి పొర. వరి మీద వరి వేసేవాళ్ళకు అది నీళ్ళు నిలపడానికి పనికొస్తుంది, పగలగొట్టకండి. యాసంగిలో శనగ, మొక్కజొన్న వేస్తేనే అడ్డు. కోతకు వారం పది రోజుల ముందే నీళ్ళు తీసేసి, వీలైతే టైర్లకు బదులు గొలుసు పట్టాల మీద నడిచే చైన్ హార్వెస్టర్ పెట్టించండి.

బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే. కానీ అది మంట పడిన వరుసల్లోనే కుప్పగా ఉంటుంది, కొంత గాలికి పోతుంది. రెండు టన్నుల గడ్డిలోని సుమారు 11 కిలోల నత్రజని, అంటే అరబస్తా యూరియా, దాదాపు అంతా పొగలో పోతుంది. ఇక పురుగు కొయ్యకాలు అడుగున దాక్కుంటుంది. పైమంట అన్నిటినీ చంపలేదు. కొయ్యకాళ్ళు దున్ని, నీళ్ళు కట్టి ముంచితే బాగా చస్తుంది.

ఈసారి గడ్డిని మడంతా పరిచి, గడ్డిని ముక్కలు చేసే మల్చర్ గానీ రోటవేటర్ గానీ వేసి, ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి తేమలో కలియదున్నండి. పంటకు వేసే భాస్వరంలో అంత తగ్గించుకోవచ్చు. నాటుకు కనీసం రెండు మూడు వారాలు ఆగాలి. తొందరపడితే గడ్డి నీళ్ళలో కుళ్ళి నారు పసుపు రంగుకు తిరుగుతుంది. గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులుండే డీకంపోజర్ ద్రావణం చల్లాలన్నా తేమ ఉండాల్సిందే, ఎండు గడ్డి మీద అది పనిచేయదు.

గడ్డి బేళ్ళు కట్టించి అమ్మితే పొగ బాధ ఉండదు, నాలుగు రూపాయలూ వస్తాయి. కానీ నేల ఆకలి అలాగే ఉంటుంది. అమ్మితే ఆ మడికి పశువుల ఎరువు తోలండి. లేదా తొలకరికి పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నండి. అట్టకట్టడం ఒక్క ఏడాదిలో పోదు, మూడు నాలుగు పంటలు చూడాలి.