కోళ్ల డాక్టరు జవాబులు: పార్సిల్‌లో వచ్చే పిల్లలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. ఇప్పుడు అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్ శివార్లో ఉంటున్నాం. గుడ్ల ధర మండిపోతోందని పెరట్లో గూడు కట్టించి, అయోవాలో ఒక హేచరీకి ఆన్‌లైన్‌లో 15 పెట్టపిల్లలు ఆర్డరిచ్చాం. సోమవారం పొద్దున పిల్లలు లేచాయి, ఆ రోజే పోస్టులో వేశామని మెసేజ్ వచ్చింది. బుధవారం రావాల్సిన పెట్టె దారిలో ఏదో సార్టింగ్ సెంటర్‌లో ఆగిపోయింది. శుక్రవారం పొద్దున్నే పోస్టాఫీసు నుంచి ఫోను. వెళ్లి చూస్తే 6 చచ్చిపోయి ఉన్నాయి, మర్నాటికి ఇంకో 2 పోయాయి. మా పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడు, పెట్టె తెరిచినప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. డబ్బులు వెనక్కివ్వమంటే ఇస్తాం, లేదంటే మళ్లీ పంపుతాం అంటున్నారు హేచరీవాళ్లు. "ఆ పాపం మళ్లీ మనకెందుకమ్మా" అంటున్నారు మా అత్తయ్య. ఏం చేయమంటారు? మిగిలిన 7 బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అచ్చయ్యేసరికి ఆ ఏడింటి సంగతి ఎలాగూ తేలిపోయి ఉంటుంది. నీళ్లు లేక ఎండిపోయి వచ్చిన పిల్ల పోతే మొదటి వారంలోనే పోతుంది. వారం దాటి మేత తింటోందంటే గండం గడిచినట్టే. ఇక మళ్లీ తెప్పించుకోవడం గురించి.

గుడ్డు పగలగొట్టుకుని బయటికి రావడానికి కాస్త ముందు, లోపల మిగిలిన పచ్చసొనని పిల్ల తన పొట్టలోకి లాక్కుంటుంది. అదే దానికి దారిబత్తెం. తల్లి కింద ముందు లేచిన పిల్లలు, వెనక లేచేవాటి కోసం తిండీ నీళ్లూ లేకుండా ఆగగలిగేది ఈ సొన వల్లే. దీన్ని నమ్ముకునే అమెరికా తపాలా శాఖ 1918 నుంచి ఒకరోజు పిల్లల్ని పార్సిల్‌గా తీసుకుంటోంది. దానికి నిబంధనలు ఉన్నాయి. పోస్టులో వేసేటప్పటికి పిల్లల వయసు 24 గంటలు దాటకూడదు. లేచిన 72 గంటల్లోపు మీ చేతికి అందాలి. ఏ తేదీన, ఏ గంటకి లేచాయో హేచరీవాళ్లు పెట్టె మీద రాయాలి. మీ పెట్టె పారేయకపోతే ఒకసారి చూడండి. సోమవారం పొద్దున లేచిన పిల్లకి గురువారం పొద్దుటికే గడువు తీరిపోయింది. శుక్రవారం మీరు వెళ్లేసరికి తొమ్మిది బతికి ఉండటమే గొప్ప.

72 గంటలన్నారు కదా, మూడు రోజులు హాయిగా ఉంటాయిలే అనుకునేవాళ్లు చాలామంది. అది అన్నీ సవ్యంగా ఉంటే సాగే లెక్క. చలికి వణికే పిల్ల సొనని తొందరగా కరిగించేసుకుంటుంది. వేడికి నోరు తెరిచి రొప్పే పిల్ల సంగతి ఇంకా ఘోరం, పొట్టలో సొన ఉండగానే నీళ్లు లేక ఎండిపోతుంది. ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉండాలనే చాలా హేచరీలు 15కో 25కో తక్కువైతే ఆర్డరే తీసుకోవు. దారిలో నాలుగు చస్తే మిగతావాటికి ఆ మేరకు వెచ్చదనం పోతుంది. అందుకే చావు ఒకసారి మొదలైతే వరసగా సాగుతుంది. కొందరు వెచ్చదనం కోసమని మీరడగని పుంజుపిల్లల్ని కూడా పెట్టెలో నింపి పంపుతారు. పుంజు కూయకూడదని రూలు పెట్టిన కాలనీలో వాటిని ఏం చేసుకోవాలో మాత్రం చెప్పరు.

ఇది మీ ఒక్కరికే జరిగిందీ కాదు. 2025 వసంతంలో పెన్సిల్వేనియాలోని ఒక హేచరీ నుంచి బయల్దేరిన 12,000 పైచిలుకు పిల్లలు డెలావేర్‌లో తపాలా కేంద్రం దగ్గర ట్రక్కులోనే మూడు రోజులు ఉండిపోయాయి. వేల పిల్లలు అందులోనే చచ్చిపోయాయి. బతికినవాటిని అక్కడి జంతు సంరక్షణ కేంద్రానికి అప్పగిస్తే, అన్నింటికి పెంచేవాళ్లని వెతకలేక వాళ్లు తలపట్టుకున్నారు. అంతకుముందు 2020 ఆగస్టులో మెయిన్ రాష్ట్రానికి వెళ్లిన పిల్లల్లో కనీసం 4,800 చచ్చి చేరాయి. ఆ రాష్ట్రం నుంచి గెలిచిన అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యురాలు చెల్లీ పింగ్రీ దీని మీద తపాలా శాఖకి ఉత్తరం కూడా రాశారు. ఏటా లక్షల పిల్లలు పోస్టులో క్షేమంగా చేరుతున్న మాటా నిజమే. కానీ పెట్టె ఒక్కచోట ఆగిందంటే దాన్ని తెరిచి నీళ్లు పెట్టే నాథుడు ఉండడు. వెనక్కిచ్చే డబ్బు మీ నష్టానికే, పిల్లలు పడ్డ యాతనకి కాదు. పాపపుణ్యాలు నా సబ్జెక్టు కాదు గానీ, మీ అత్తయ్య గారు అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించడం లేదు.

నన్నడిగితే డబ్బే వెనక్కి తీసుకోండి. కారులో రెండు మూడు గంటల దూరంలో ఏదైనా హేచరీ ఉంటే, పిల్లలు ఏ రోజు లేస్తాయో కనుక్కుని, మీరే వెళ్లి తెచ్చుకోండి. వసంతంలో మేత దుకాణాల్లో తొట్లలో పెట్టి అమ్ముతారే, అవీ చాలావరకు పోస్టులోనే వస్తాయి. కాకపోతే ఆ ప్రయాణం తట్టుకున్నవి ఏవో మీ కళ్లతో చూసి ఏరుకోవచ్చు. రెట్ట అంటుకోకుండా ముడ్డి పొడిగా ఉన్నది, కళ్లు విప్పార్చి చూసేది, చెయ్యి పెడితే పరిగెత్తేది తీసుకోండి.

పోస్టు తప్ప గతి లేదంటారా, సోమవారం సెలవొచ్చే వారాన్ని వదిలేయండి. మే నెలాఖరు సోమవారం మెమోరియల్ డే. ఆ వారంలో ఒక రోజు పోయిందంటే మీ 72లోంచి 24 పోయినట్టే. నడి వేసవి, నడి చలికాలం కూడా వద్దు. ఎక్స్‌ప్రెస్‌కి ఎక్కువ డబ్బులైనా కట్టండి. పెట్టె మీద మీ ఫోన్ నంబరు పెద్దక్షరాలతో వేయించి, ఇంటికి తేవద్దు, నేనే వచ్చి తీసుకెళ్తానని పోస్టాఫీసులో ముందే చెప్పండి. తెల్లవారకముందే ఫోన్ చేస్తారు, విసుక్కోకండి. పెట్టె అక్కడే కౌంటర్ మీద తెరిచి, చచ్చినవి ఉంటే వాళ్ల ఎదుటే ఫొటో తీయండి.

బ్రూడర్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే దీపం గూడు, ముందు రోజే వెలిగించి ఉంచాలి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. దీపం కింద గుట్టగా పడి అరుస్తుంటే చలి, గోడలకి చేరి నోరు తెరిస్తే వేడి. రాగానే ముందు నీళ్లు, మేత తర్వాత. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, లీటరుకి 50 గ్రాముల పంచదార కలపండి. ఒక్కో పిల్లనీ పట్టుకుని ముక్కు కొస ఆ నీళ్లలో ముంచి వదలండి. అన్నీ తాగాయని నమ్మకం కుదిరాక రెండు మూడు గంటలు ఆగి మేత వేయండి. ప్రయాణంలో నలిగిన పిల్లలకి రెట్ట ముడ్డికి అంటుకుని గట్టిపడుతుంది. చూడకపోతే దారి మూసుకుపోయి చస్తాయి. గోరువెచ్చని నీళ్లతో తడిపి మెత్తబడ్డాక తుడవండి, లాగకండి. ముందుజాగ్రత్త అంటూ యాంటీబయాటిక్ పొడి మాత్రం కలపొద్దు.

మీరు అడగలేదు గానీ, నాలుగేళ్ల పాప ఉందన్నారు కాబట్టి చెబుతున్నాను. చూడ్డానికి ఏ రోగం లేని పిల్ల రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే, మనుషులకి విరేచనాలు, జ్వరం తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు. అమెరికాలో పెరటి కోళ్ల వల్ల ఈ జబ్బు ఏటా వస్తోంది. 2020లో 1,700 మందికి పైగా జబ్బుపడ్డట్టు అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క తేల్చింది. అయిదేళ్లలోపు పిల్లల్ని కోడిపిల్లలు ముట్టుకోనివ్వొద్దని ఆ సంస్థే చెబుతోంది. బాబు ముట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడిగించండి. బుగ్గకి ఆనించుకోవడాలు, ముద్దులు పెట్టుకోవడాలు వద్దు. బ్రూడర్ గ్యారేజీలో ఉండాలి, వంటింట్లో కాదు. వాటి గిన్నెలు మీ సింకులో కడగొద్దు. పాపకి విరేచనాలు, జ్వరం వస్తే, ఇంట్లో కోడిపిల్లలు ఉన్నాయని డాక్టరుకి ముందుగా చెప్పండి.

ప్రశ్న: సార్, నమస్తే. మాది ఖమ్మం జిల్లా మధిర దగ్గర. వీడియోలో చూసి ఒకాయనకి ఫోన్ చేసి కడక్‌నాథ్ (నల్లకోడి) పిల్లలు 50 కావాలన్నాను. ఒక్కోటి 90 రూపాయల చొప్పున 4,500 ముందే ఫోన్‌పే కొట్టించుకున్నాడు. ప్రైవేటు ట్రావెల్స్ బస్సు డిక్కీలో వేసి పంపిండు. అట్టపెట్టె విప్పితే 22 చచ్చి ఉన్నాయి. మిగిలినవాటిలో కొన్ని ఎర్రగా, కొన్ని తెల్లగా ఉన్నాయి. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. పిల్లల్ని మా నాటుకోళ్లతో కలిపి వదిలాను. పది రోజులకి పెద్దకోళ్లు పచ్చగా పారుతున్నాయి, రెండు మెడ తిప్పుకుని పడిపోతున్నాయి.
– ఒక యువరైతు

జవాబు: బాబూ, డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు కోళ్లు. పచ్చ పారుడు, మెడ తిరగడం అంటే నా అనుమానం కొక్కెర తెగులు (రాణీఖేత్) మీద. కానీ చూడకుండా ఖాయంగా చెప్పను. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చనిపోతుంటే బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో వచ్చింది అదే. కాబట్టి ఈ రోజే మీ పశువైద్యశాలకి కబురు చేయండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. జబ్బుపడ్డ కోడిని వేరు చేసి ఉంచండి, చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. చావబోతోందని కోసుకుని తినడం, సంతకి తీసుకెళ్లి అమ్మడం రెండూ వద్దు. సంతలో అమ్మితే ఊరూరికీ తెగులు పంచినట్టే. కొక్కెర తెగులు పట్టాక మందు లేదు. జబ్బు కనిపిస్తున్న కోడికి టీకా వేయొద్దు. మిగతావాటికి వేయాలా వద్దా అన్నది డాక్టరు వచ్చి చూసి చెబుతారు.

బయటినుంచి ఏ కోడి వచ్చినా, అది చుట్టాలింటి నుంచి వచ్చినదైనా సరే, మూడు వారాలు వేరే చోట ఉంచాలి. మేత గిన్నెలు వేరు, చెప్పులు వేరు. ముందు పాత కోళ్లకి మేత వేసి, ఆఖర్న కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. బస్సు డిక్కీలో వచ్చిన పిల్లలు తమ వెంట ఏం తెచ్చాయో విప్పి చూస్తే కనపడదు. పిల్లలకి 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి, రెండు వారాలకి గంబోరో తెగులు టీకా, ఎనిమిది వారాలకి మళ్లీ కొక్కెరకే ఆర్2బి టీకా సూది. టీకా సీసా ఐసు పెట్టిన ఫ్లాస్కులో తేవాలి. చొక్కా జేబులో తెచ్చిన టీకా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

ఇక డిక్కీ. అక్కడ గాలి ఆడదు. బస్సు ఆగినప్పుడల్లా ఉడికిపోతుంది, పైగా ఎవరో ఒకరు పెట్టె మీద బియ్యం బస్తా పెడతారు. హేచరీ పెట్టె అయితే చుట్టూ గాలి కన్నాలు, లోపల నాలుగు అరలు, అరకి 25 పిల్లలు ఉంటాయి. మీకొచ్చింది బిస్కెట్ల అట్టపెట్టె అయి ఉంటుంది. పిల్లలు లేచిన వెంటనే ప్యాక్ చేసి పంపాలి, ఎండా వానా తగలకూడదు అని జంతువుల రవాణా నిబంధనల్లోనే ఉంది. వీడియోలో అమ్మేవాడు ఆర్డర్లు జమయ్యేదాకా పిల్లల్ని రెండు రోజులు తన దగ్గరే ఉంచి, ఆ తర్వాత బస్సెక్కిస్తాడు. అప్పటికే సొన సగం ఖర్చయిపోతుంది.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి, 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. క్రికెటర్ ధోనీ రాంచీలో తన ఫారానికి 2,000 పిల్లల్ని తెప్పించుకున్నాక అందరికీ అదే మోజు. అసలు జాతి పిల్ల నలుపు, నీలం కలిసిన ఛాయలో, వీపు మీద ముదురు చారలతో ఉంటుంది. ఎర్రవీ తెల్లవీ ఏ లెక్కనా కడక్‌నాథ్ కావు. గుడ్ల కోళ్ల (లేయర్) హేచరీల్లో పనికిరావని ఏరేసిన పుంజుపిల్లలే ఇలా పేరు మార్చుకుని తిరుగుతుంటాయి, జాతరల్లో గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మేవీ అవే.

డబ్బు పంపిన రుజువు, వాట్సాప్ మాటలు చెరపకండి. 1930 నంబరుకి ఫోన్ చేసి సైబర్ మోసం కింద ఫిర్యాదు ఇవ్వండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఈసారి పెంచుకోవాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ వెళ్లండి. కోళ్ల పరిశోధన కేంద్రంలో వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు, పశువైద్య విశ్వవిద్యాలయంలో రాజశ్రీ రకం తయారుచేశారు. ముందు ఫోన్ చేసి పేరు రాయించుకోండి. పిల్లలు లేచే రోజు తెల్లారేసరికి అక్కడ ఉంటే, సాయంత్రానికి మీ బ్రూడర్‌లో ఉంటాయి. ఆ ఒక్క ప్రయాణం బద్ధకించకండి.

ప్రశ్న: పిల్లలైతే చస్తాయి కదా అని పార్సిల్‌లో గుడ్లు తెప్పించి మా పొదుగు కోడి కింద పెడదామనుకుంటున్నాను. లేస్తాయా?
– ఒక గృహిణి, టెక్కలి

జవాబు: లేస్తాయమ్మా, అన్నీ కాదు. కుదుపులకి గుడ్డులోని గాలి గది కదిలిపోతుంది. సగం లేస్తే సంతోషించండి. అయినా నాకు పిల్లల పార్సిల్ కంటే ఇదే నయం అనిపిస్తుంది. పెట్టి వారం దాటని గుడ్లే అడగండి. రాగానే కోడి కింద పెట్టేయకుండా, సన్నని కొస కిందికి ఉండేలా ఒక రోజు కదపకుండా ఉంచండి. కడగొద్దు. నాటుకోడికి పది పన్నెండు చాలు. అయితే తెల్లపారుడు తల్లి నుంచి గుడ్డులోకే వస్తుంది, కాబట్టి తల్లికోళ్లకి రక్తపరీక్ష చేయించారా అని అమ్మేవాళ్లని అడగండి. పొదగేసిన వారం రోజులకి చీకట్లో టార్చి పెట్టి చూసి, రక్తనాళాలు కనపడని గుడ్లు తీసేయండి. 21 రోజులు దాటాక ఇంకో రెండు రోజులు చూసి లేవనివి కూడా తీసేయాలి. లేకపోతే కోడి వాటినే పట్టుకుని కూర్చుంటుంది, లేచిన పిల్లలు మేతకి నోచుకోవు.