మూడో చుట్టులో పద్దెనిమిది

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

బబుల్ టీ, అంటే అడుగున నల్ల గుండ్లుండే టీ, ఆ గ్లాసు ఆకారంలో క్రోషా కీచైన్ ఎట్లా అల్లాలో నువ్వు రాసి పంపిన పాఠం అందింది. ఒక్కసారే చదివాను. తర్వాత కాగితాలు ఒళ్లో పెట్టుకుని, హుక్కు తీసుకుని, నువ్వు చెప్పింది చెప్పినట్టు అల్లుతూ పోయాను. నాకు తెలిసింది ఏదీ కలపలేదు. నువ్వు రాయనిది చేయలేదు. రెండు సాయంత్రాలు పట్టింది. అందుకే జవాబు ఆలస్యమైంది.

మూడో చుట్టు దగ్గర ఆగిపోయాను. "ఒక కుట్టు మామూలుగా, తర్వాతి కుట్టులో రెండు, ఇట్లా ఆరుసార్లు. మొత్తం 15" అని రాశావు. రెండో చుట్టు అయ్యేసరికి 12 ఉన్నాయి కదా. ఒకటి మామూలుది, రెండు పెంచినవి, కలిపి మూడు. ఆరుసార్లు అంటే 18. గ్లాసు అడుగు బల్లపరుపుగా రావాలంటే సింగిల్ క్రోషా అనే పొట్టి కుట్టులో చుట్టుకు ఆరేసి పెరగాలి: 6, 12, 18, 24. నాకు ఈ లెక్క నోటికి వచ్చు కాబట్టి తప్పు నీదని పట్టుకున్నాను. మొదటిసారి హుక్కు పట్టిన పిల్ల ఏం చేస్తుందో ఆలోచించు. ఆమెకు సరిగ్గా 18 వస్తాయి. కాగితం మీద 15 ఉంటుంది. అచ్చులో ఉన్నదే నిజమనుకుంటుంది. బాగా వచ్చిన పనిని తన చేత్తోనే లాగి విప్పేసుకుంటుంది. మళ్లీ అల్లుతుంది, మళ్లీ 18. ఇక ఇది తన వల్ల కాదనుకుని ఊలు ఉండ సంచిలో వేసేస్తుంది. నువ్వు వేసిన ఒక్క అంకె వల్ల ఇంత జరుగుతుంది.

ప్రతి చుట్టు చివర మొత్తం రాయడం మంచి అలవాటు. నువ్వు రాశావు, సంతోషం. కానీ ఆ అంకె రాసేముందు నీ చేతిలో ఉన్న అల్లికను లెక్కపెట్టి రాయి. గుర్తున్నది రాయొద్దు.

ఇక పేరు. "కుట్టు లేని కీచైన్" అని పెట్టావు. ఇది నువ్వు గమనించలేదనుకుంటాను. మన భాషలో బట్ట కుట్టడమూ కుట్టే, క్రోషాలో వేసే ఒక్కో అల్లికా కుట్టే. పైన "కుట్టు లేని" అన్నావు, కింద మొదటి వాక్యంలోనే "ఆరు కుట్లు వేయండి" అన్నావు. చదివే మనిషి అక్కడే తికమక పడుతుంది. ఇంగ్లీషులో ఆ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి కాబట్టి వాళ్లకు ఈ ఇబ్బంది రాదు, మనకు వస్తుంది. కుట్టు అనే మాటను అల్లికకే ఉంచు, అందరూ అనేది అదే. పేరు మాత్రం మార్చు. "విడి ముక్కలు అతికించే పని లేకుండా" అను, లేకపోతే "సూది పట్టకుండా" అను. కొంచెం పొడుగైనా ఫరవాలేదు, అర్థమైతే చాలు.

ఈ మాటల సంగతి అడిగావు కదా, ప్రతిదానికీ తెలుగు పదం పుట్టించాలా అని. వద్దు. మ్యాజిక్ రింగ్ (మొదటి కుట్లు వేసి బిగించే దారం ఉచ్చు), సింగిల్ క్రోషా, స్లిప్ స్టిచ్ (ఎత్తు రాని చిన్న కుట్టు) అని నేర్చుకునేవాళ్లే అంటున్నారు, అవే రాయి. గొలుసు, చుట్టు, ముడి, పోగు అని మన ఇళ్లల్లో ఉన్న మాటలు ఉన్నచోట వాటిని వదలొద్దు. నరసాపురం వైపు ఆడవాళ్లు ఇదే పనిని లేసు అల్లడం అంటారు. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చిన ఆ అల్లికకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అంటే హుక్కు పని తెలుగు చేతులకు కొత్త కాదు, దానికి కావలసిన మాటలు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. మన ఓరుగల్లు మనిషి కాళోజీ జనం నోట్లో ఉన్న భాష కోసమే నిలబడ్డాడు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. మీ అమ్మ పిన్నీసు అంటే నువ్వూ పిన్నీసు అనే రాయి. చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి పెట్టే గుర్తుకు "స్టిచ్ మార్కర్ కొనండి" అన్నావు. ఎందుకు కొనాలి? పిన్నీసు సరిపోతుంది. వేరే రంగు దారం ముక్కైనా సరిపోతుంది.

ఒక్క మాట దగ్గర మాత్రం గట్టిగా ఉండు. అమెరికావాళ్లు సింగిల్ క్రోషా అనేదాన్ని బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ క్రోషా అంటారు. అమెరికా డబుల్ క్రోషా దాదాపు రెండింతలు పొడుగుంటుంది. నేను నీ వయసులో ఉన్నప్పుడు పాత బ్రిటన్ పుస్తకం ఒకటి దొరికితే, ఈ తేడా తెలియక టేబుల్ క్లాత్ సగం దాకా అల్లాను. గళ్లన్నీ సాగిపోయి వల మాదిరి వచ్చింది. నువ్వు ఏ లెక్కలో రాస్తున్నావో మొదటి పేరాలోనే చెప్పెయ్యి. ఒక్క వాక్యం చాలు.

ఐదో చుట్టుకు వస్తాను. నీ రాతలో అన్నిటికన్నా బాగున్నది, అన్నిటికన్నా కష్టపెట్టింది ఇదే. గ్లాసు అడుగున నల్ల గుండ్లు కనబడేలా రెండు కుట్లు టీ రంగులో, ఒకటి నలుపులో, ఇట్లా ఆరుసార్లు వేయమన్నావు. మంచి ఆలోచన. వాటిని తర్వాత సూదితో కుట్టాల్సిన అవసరం లేకుండా చుట్టులోనే కలిపేశావు. కానీ "ఇక్కడ రంగు మార్చండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎక్కడ బిడ్డా? కొత్తవాళ్లు టీ రంగు కుట్టు మొత్తం పూర్తిచేసి, తర్వాత నలుపు అందుకుంటారు. అప్పుడు నల్ల కుట్టు నెత్తిన టీ రంగు కనబడుతుంది, గుండు గుండులాగా ఉండదు. నలుపు రావాల్సిన కుట్టుకు ముందు కుట్టులోనే, హుక్కు మీద రెండు ఉచ్చులు మిగిలినప్పుడు, ఆ చివరి లాగుడు నల్ల దారంతో లాగాలి. నీ చేతికి ఇది అలవాటైపోయింది కాబట్టి నీకు చెప్పాలని తోచలేదు. ఇక్కడ నాలుగు వాక్యాలు పెట్టు. వాడని దారాన్ని లోపల ఎట్లా తీసుకుపోవాలో, ఎంత వదులుగా ఉంచాలో కూడా చెప్పు. బిగించి లాగితే గ్లాసు నడుము దగ్గర నొక్కుకుపోతుంది. నాకు అట్లాగే అయింది.

దీనికి చోటు కావాలంటే ముందు పేజీలోది తీసెయ్యి. బబుల్ టీ ఎంత ఫ్యాషనో రాసిన పేరా మొత్తం పోయినా నష్టం లేదు. అది 1980లలో తైవాన్‌లో మొదలైన పానీయం అన్నది ఒక వాక్యం. ఆ నల్ల గుండ్లు కర్రపెండలం పిండితో చేస్తారన్నది ఇంకో వాక్యం. మన సగ్గుబియ్యమూ కర్రపెండలం పిండితోనే చేస్తారు. ఆ మాట చెప్పావంటే బబుల్ టీ ఎన్నడూ చూడని పరకాలలోని ఒక పెద్దావిడకు కూడా గ్లాసు అడుగున ఏముందో కళ్లకు కడుతుంది. ఎంత సైజు గుండు వేయాలో ఆమె చేతికే తెలుస్తుంది.

పరకాల అన్నాను కదా, అక్కడి మనిషి ఒకామె నాకు పాఠం రాయడం నేర్పింది. నలభై ఏళ్ల కింద ఒక వారపత్రికలో చేతిపనుల పేజీ రాసేదాన్ని. ఊలుతో పాప టోపీ గురించి రాస్తూ, జాగా అయిపోయిందని చివర "మిగతాది మామూలుగా పూర్తిచేయాలి" అని పెట్టాను. పది రోజులకు ఒక కవరు వచ్చింది. అందులో సగం అల్లిన టోపీ, దానికి ఉండ నుంచి తెంపని దారం చుట్టి ఉంది. చిన్న కాగితం మీద "అమ్మా, మామూలుగా అంటే ఎట్లనో నాకు తెల్వది" అని మాత్రమే రాసింది. కోపం లేదు, ఫిర్యాదు లేదు. నేను ఆ టోపీ పూర్తిచేసి, ఎట్లా చేశానో రెండు పేజీలు రాసి వెనక్కి పంపాను. ఆ రెండు పేజీలే నేను రాసిన మొదటి సరైన పాఠం. అప్పటినుంచి నా రాతల్లో "మామూలుగా" అనే మాట లేదు. నీ నాలుగు పేజీల్లో మూడుచోట్ల ఉంది. ఎర్ర పెన్నుతో గీత గీశాను చూడు.

"చాలా సులువు", "అరగంటలో అయిపోతుంది" అనేవి కూడా కొట్టేశాను. నీకు అరగంట, నాకు రెండు సాయంత్రాలు. ఎక్కువ సమయం పట్టినామె తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. ధైర్యం ఇవ్వాలంటే నిజమైన ధైర్యం ఇవ్వు. మా బాల్యం కొత్తవాడలో గడిచింది, ఇంట్లో మగ్గం, జంపఖానాల పని. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ వచ్చినప్పుడు మా అమ్మ లేకపోయినందుకు ఏడ్చాను. ఆమె కండెలు చుట్టేది. మగ్గం మీద వందల పోగులు ఒకేసారి బిగి మీద ఉంటాయి, ఒకటి తెగితే వెతికి ముడి వేయాలి. క్రోషాలో హుక్కు మీద ఉండేది ఒక్క ఉచ్చు. తప్పు జరిగితే దారం పట్టి లాగడమే, తప్పు ఉన్నచోటి దాకా విప్పుకుని వస్తుంది, దారం చెడిపోదు. ఈ సంగతి చెప్పు. భయం పోతుంది.

మ్యాజిక్ రింగ్ దగ్గర కూడా చాలామంది ఆగిపోతారు. రానివాళ్లు రెండు గొలుసులు వేసి, హుక్కు నుంచి రెండో గొలుసులో ఆరు సింగిల్ క్రోషాలు వేసుకోవచ్చని ఒక దారి చూపించు. నడుమ చిన్న రంధ్రం ఉంటుంది, గ్లాసు అడుగు కదా, ఎవరికీ కనబడదు. నలుపు దారంలో కుట్లు కంటికి ఆనవు కాబట్టి టీ రంగు లేతదే ఎంచుకోమను. హుక్కు రెండున్నర మిల్లీమీటర్లది, కాటన్ దారం సన్నది. చౌరస్తా దగ్గర ఫ్యాన్సీ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. లోపల కూరడానికి పాత దిండులో దూది చాలు.

ఇప్పుడు మూత సంగతి. సూది లేకుండా ఎట్లా ముగించాలో నువ్వు బాగా ఆలోచించావు, అందుకే దాని గురించి ఎక్కువ మాట్లాడుతున్నాను. చాలామంది మూత వేరుగా, స్ట్రా వేరుగా, తగిలించే కొక్కెం వేరుగా అల్లి, చివర ఇవన్నీ కుట్టమంటారు. బీరువాల్లో పడి ఉన్న సగం బొమ్మలన్నీ అక్కడ ఆగినవే. నువ్వు తెల్లదారంతో పదకొండో చుట్టు వేసి, పన్నెండో చుట్టు, కుట్ల నెత్తిన ఉండే రెండు పోగుల్లో వెనకదాంట్లో మాత్రమే వేయించి 12కు తగ్గించావు, మూత అంచు దానంతట అదే లేచింది. అది చూసి చాలా సంతోషం వేసింది. కానీ దూది ఎప్పుడు కూరాలో చెప్పలేదు. నేను పదమూడో చుట్టు దాకా పోయి, ఆరు కుట్లే మిగిలాక, ఆ సందులోంచి పెన్ను మూతతో దూది నెట్టాల్సి వచ్చింది. "12 ఉన్నప్పుడు దూది కూరండి" అని అక్కడే రాయి.

చివరి ఆరు కుట్ల ముందు పోగులన్నీ హుక్కు మీదకు ఎత్తుకుని, ఒకేసారి దారం లాగి మూసేయడం చక్కగా పనిచేసింది. తర్వాత స్ట్రా. "8 గొలుసులు వేసి వెనక్కి స్లిప్ స్టిచ్‌లు వేయండి" అన్నావు. వెనక్కి వచ్చేటప్పుడు హుక్కు నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టాలి, కాబట్టి ఏడే వస్తాయి. అది చెప్పకపోతే ఎనిమిదోది ఎక్కడ పోయిందని మనిషి వెతుక్కుంటుంది. స్ట్రా నిలబడాలంటే ఇక్కడ చెయ్యి కొంచెం బిగించాలని కూడా చెప్పు. దారం తెంపకుండా అక్కడినుంచే 12 గొలుసులు వేసి, మొదలు దగ్గర కలిపితే రింగు తగిలించే కొక్కెం అయింది. బాగుంది. ఇంకొక్కటి, తెంపిన దారం కొసను హుక్కుతో రెండు మూడు వైపుల నుంచి లోపలికి లాగి దాచమను. తాళంచెవి బరువు రోజంతా దాని మీదే వేలాడుతుంది. ఒక్క వైపు లాగిన కొస వారంలో జారిపోతుంది.

నువ్వు తిరగరాసిన తర్వాత నాకు పంపొద్దు. నాకు ఇప్పుడు ఇది వచ్చేసింది, నా చేతులు నీ తప్పులను వాటంతట అవే సరిచేసుకుంటాయి. మా పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది, హుక్కు ఎన్నడూ పట్టలేదు. వచ్చే ఆదివారం కాగితాలు తీసుకుని ఇక్కడికే రా. ఆమె చదువుకుంటూ అల్లుతుంది, నువ్వు పక్కన కూర్చో. ఆమె అడిగినా నోటితో జవాబు చెప్పొద్దు. ఎక్కడ ఆగితే అక్కడ కాగితం మీద గుర్తు పెట్టుకో.

నేను అల్లింది నా బీరువా తాళంచెవికి తగిలించాను. నడుము కొంచెం నొక్కుకుపోయి ఉంది, వచ్చినప్పుడు చూద్దువు గానీ. వచ్చేటప్పుడు నల్ల దారం తెచ్చుకో, నా దగ్గర అయిపోయింది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ