ఎండ మీది, మిద్దె మీది... పాస్‌వర్డ్ ఎవరిది?

ప్రశ్న: కడపలో మా మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. సబ్సిడీ వచ్చింది, బిల్లూ తగ్గింది. కానీ కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం కూడా ఫ్యాన్ తిరగదు. బ్యాటరీ తగిలిస్తే సరిపోతుందా? సీసం ట్యూబులర్ మంచిదా, లిథియం మంచిదా?

జవాబు: ఎండలు ముదిరినప్పటి నుంచి ఇదే ప్రశ్న ఊరి పేరు మార్చుకుని వస్తూనే ఉంది. మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే లైను కరెంటు ఉన్నప్పుడే నడిచేది. లైన్లో కరెంటు లేనప్పుడు అది ఆగిపోయి తీరాలి. లేకపోతే మీ సోలార్ కరెంటు లైన్లోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క ముక్క అమ్మేటప్పుడు చెప్పరు. సంతకాలన్నీ అయ్యాక మాత్రం 'దానిదేముంది సార్, బ్యాటరీ వేసుకుందాం' అంటారు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌కు బ్యాటరీ వైరు పెట్టే చోటే ఉండదు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ పథకం కింద మీకొచ్చిన 78,000 రూపాయలు ప్యానెళ్ల లెక్కన ఇచ్చినవి. బ్యాటరీ ఖర్చు పూర్తిగా మీదే.

కోత గంటా రెండు గంటలే అయితే, సోలార్‌నూ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ జోలికి పోకండి. ఉన్న సోలార్‌ను అలాగే ఉంచి, రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ విడిగా ఒక మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోండి. అది లైను కరెంటుతో చార్జ్ అయితే నష్టమేమీ లేదు, మీరు లైనుకిచ్చిన కరెంటునూ వాడుకున్నదాన్నీ కొలిచే నెట్ మీటర్ లెక్కలో సర్దుకుంటుంది. ఎవరైనా లక్షల కొటేషన్ ఇస్తే మీ అవసరాన్ని కాక మీ జేబును కొలిచారన్నమాట.

ఇక ఏ బ్యాటరీ అన్నది. షాపులో 'ఎన్ని ఏహెచ్ (ఆంపియర్ అవర్లు)' అని అడగడం మానేసి, రాత్రికి ఎన్ని యూనిట్లు వాడుకోనిస్తుందో అడగండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్‌లో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 0.9. అదే 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో ఉన్నవి 1.28 యూనిట్లే అయినా 1.1 దాకా వాడుకోవచ్చు. మామూలు ఫ్యాన్లు రెండు (150 వాట్లు), లైట్లు, వైఫై కలిపి ఎనిమిది గంటలు నడవాలంటే యూనిటున్నర కావాలి. కాబట్టి ముందు ఆ ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీవి పెట్టండి. బ్యాటరీ సైజు తగ్గించడానికి అంతకన్నా చవక మార్గం లేదు. ట్యూబులరే కొంటే స్టిక్కర్ మీద సీ10 (పది గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే లెక్క) అని ఉందో సీ20 (ఇరవై గంటల లెక్క) అని ఉందో చూడండి. సోలార్‌కు చూడాల్సింది సీ10. సీ20 మీద 150 అని రాసింది సీ10 లెక్కలో అంత రాదు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: దాన్ని ఎక్కడ పెడతారు? మన వైపు అందరూ మిద్దె మీది మెట్ల గదిలోనో, రేకుల కిందో పెట్టిస్తారు, వైరు ఖర్చు తగ్గుతుందని. సీసం బ్యాటరీకి 25 డిగ్రీల పైన పెరిగే ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పోనీ లిథియం పెడదామంటే, కొన్ని రకాల్లో లోపలి సెల్ 45 డిగ్రీలు దాటగానే బీఎంఎస్ (బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది. మే నెలలో రేకుల గదిలో అది ఏ వేళకు దాటుతుందో రాయలసీమ వాళ్లకు నేను చెప్పాలా? మధ్యాహ్నం ఎండ నిండుగా ఉన్న వేళకే చార్జింగ్ ఆగుతుంది. ఆపై 'బ్యాటరీ డూప్లికేట్ ఇచ్చారు' అని నాకు మెయిల్ వస్తుంది. కింది అంతస్తులో, ఉత్తరం గోడ వైపు, నేల మీద నాపరాయి వేసి పెట్టండి. పాత మట్టి మిద్దె ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

ప్రశ్న: అనంతపురం దగ్గర చీనీ తోటలో కాపలా గదికి లైను లేదు. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ తక్కువలో ఇస్తామంటున్నారు. ఉన్న 48 వోల్టుల సోలార్ చార్జర్‌కు తగిలించవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి స్కూటర్ ప్యాకుల్లో సాధారణంగా 13 సెల్ వరుసలుంటాయి. ఒక్కోదానికి 4.2 వోల్టులే హద్దు, మొత్తం 54.6. సీసం బ్యాటరీ కోసం పెట్టిన మీ చార్జర్ 57 దాటి తోస్తుంది. మధ్యలో అడ్డుండేది బీఎంఎస్ ఒక్కటే. పాత సామాన్ల అంగట్లో 'రిపేరు' అయిన ప్యాకుల్లో దాన్నే తప్పించి వైర్లు కలిపేస్తుంటారు. నిప్పంటుకుంటే పక్కనే డ్రిప్ పైపులు, ఎరువుల సంచులు, ఎండుగడ్డి. బల్బు, ఫ్యాను, ఫోన్ చార్జింగ్ కోసమైతే మీ చార్జర్ వోల్టేజీకి సరిపడేలా ట్యూబులర్ పెట్టండి. ఒక్కోటి 50 కిలోలకు పైగా ఉంటుంది కాబట్టి మోటారు కేబుళ్లు కోసుకుపోయేవాళ్లు కూడా దాని జోలికి రావడానికి రెండుసార్లు ఆలోచిస్తారు. బోరు మోటారును మాత్రం బ్యాటరీ మీద నడపాలనుకోకండి.

ప్రశ్న: కర్నూలులో హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ పెట్టించాం. యాప్‌లో ఓనర్ అని బిగించిన ఏజెన్సీ పేరు చూపిస్తోంది. అప్‌డేట్ చేయమంటోంది. చేయాలా?

జవాబు: అప్‌డేట్ సంగతి తర్వాత. మీ ఇంటి కరెంటుకు ఓనర్ వేరేవాళ్లయితే మీకు టెన్షన్ పట్టుకోలేదా?

బిగించిన కుర్రాడు పని తొందరగా తెమలాలని తన నంబరుతోనే ఖాతా తెరుస్తాడు. అదే ఖాతాలో ఊళ్లో తను బిగించిన ఇళ్లన్నీ ఉంటాయి. ఆ ఫోన్ పోయినా, పాస్‌వర్డ్ బయటపడినా, అవతలివాడు ఇన్ని ఇళ్ల బ్యాటరీల చార్జింగ్ వోల్టేజీ మార్చగలడు, సరఫరా ఆపగలడు. 16 సెల్‌ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి 58.4 వోల్టులు హద్దు. సెట్టింగును సీసం అని మార్చి ఈక్వలైజ్ (సీసం బ్యాటరీకి అప్పుడప్పుడు ఇచ్చే ఎక్కువ వోల్టేజీ చార్జింగ్) నడిపితే అంతకు మించి తోయవచ్చు. అప్పుడూ బీఎంఎస్సే దిక్కు. ఆ బీఎంఎస్ బ్లూటూత్‌కు పిన్ 1234 అయితే ఇక చెప్పేదేముంది?

ఇన్వర్టర్‌ను ఇంటర్నెట్‌కు కలిపే వైఫై డాంగిల్ మీది స్టిక్కర్ చూడండి, సీరియల్ నంబరూ క్యూఆర్ కోడూ ఉంటాయి. చాలా పరికరాలకు ఖాతాలో చేర్చుకోవడానికి అదే తాళంచెవి. పని అయిపోగానే దాన్ని ఫొటో తీసి, కొబ్బరికాయ కొట్టిన ఫొటోతో కలిపి వాట్సాప్ స్టేటస్ పెడతారు! ఇక డాంగిల్ తనంతట తాను ప్రసారం చేసే వైఫైకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 12345678 లాంటిది. మొదటి రోజే మార్చమని పట్టుబట్టని పరికరాన్ని అమ్మకానికే అనుమతించకూడదంటాను. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు కంచె ఉంది, గేటు ఉంది. కోటి ఇళ్ల మిద్దెల మీద సోలార్ పెట్టాలని ప్రభుత్వ లక్ష్యం. అవన్నీ కలిస్తే అలాంటి పార్కులు ఎన్నో అవుతాయి. వాటి గేటుకు తాళం మాత్రం ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఇంటర్నెట్ లేకపోతే ఎదురుగా ఉన్న బ్యాటరీలో చార్జ్ ఎంతుందో చూపించని యాప్‌లు మరో దౌర్భాగ్యం.

ఏజెన్సీకి ఫోన్ చేసి ఓనర్‌షిప్ మీ పేరుకు మార్పించండి. వాళ్లకు చూసే అనుమతి మాత్రమే ఉంచండి. ఇన్‌స్టాలర్ పాస్‌వర్డ్ అడిగి తీసుకుని మార్చండి. డాంగిల్‌ను రూటర్‌లో గెస్ట్ వైఫైకి కలపండి, మీ ఫోన్‌పే నడిచే నెట్‌వర్క్‌కు కాదు. తర్వాత బ్యాటరీ సెట్టింగులన్నీ స్క్రీన్‌షాట్ తీసుకుని, లైనులో కరెంటు ఉన్నప్పుడు అప్‌డేట్ నొక్కండి. కొన్ని అప్‌డేట్లు బ్యాటరీ రకాన్ని చెప్పాపెట్టకుండా ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు తీసుకెళ్తాయి. అయ్యాక ఒక్కో అంకె సరిచూసుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ల ట్యూబులర్ పక్కన కొత్తది కలపవచ్చా?

జవాబు: వద్దు. పాతది కొత్తదాన్ని తన స్థాయికి దించుతుంది. లిథియం, సీసం పక్కపక్కన కలపడం అసలే వద్దు. పాతది ఇచ్చేయండి, సీసానికి ధర వస్తుంది.